స్టూల్ కల్చర్ చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

రక్తంలో మామూలుగా బ్యాక్టీరియా ఉండదు. అందుకే రక్తాన్ని కల్చర్‌కు, అంటే అందులోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు, పెట్టినప్పుడు ఏదైనా పెరిగితే, సూది గుచ్చేటప్పుడు చర్మం మీది నుంచి చేరింది కాకపోతే, చాలావరకు అదే దోషి. మలం సంగతి అలా కాదు. ఒక్క గ్రాము మలంలో బ్యాక్టీరియా వేల కోట్లలో ఉంటుంది. విరేచనాలతో నీరసించినవాళ్లలోనే కాదు, నిన్న పెళ్లిభోజనం చేసి హాయిగా తిరుగుతున్నవాళ్లలోనూ అంతే. కాబట్టి స్టూల్ కల్చర్ 'అసలు ఇందులో ఏముందో చూద్దాం' అని చేసే పరీక్ష కాదు. జాతరలో తప్పిపోయిన ఒక మనిషిని వెతకడం లాంటిది. ఎవరిని వెతకాలో, ఆనవాళ్లేమిటో చెప్పకపోతే ఆ మనిషి వెతికేవాళ్ల పక్కనుంచే వెళ్లిపోతాడు.

ఈ సంగతి తెలియకపోవడం వల్లే మలపరీక్ష రిపోర్టుల మీద అపోహలు ఎక్కువ. మొదటి అపోహ పరీక్ష పేరు దగ్గరే మొదలవుతుంది. మోషన్స్ తగ్గడం లేదని ల్యాబ్‌కు వెళ్లినవాళ్లకు ఎక్కువగా చేసేది స్టూల్ రొటీన్. కొద్దిగా మలాన్ని గాజుపలక మీద సెలైన్‌లోనూ అయోడిన్‌లోనూ కలిపి మైక్రోస్కోప్ కింద చూస్తారు. అమీబా, జియార్డియా, నులిపురుగుల గుడ్లు, చీము కణాలు, ఎర్ర రక్తకణాలు ఉంటే తెలుస్తాయి. బ్యాక్టీరియా కూడా కనబడుతుంది కానీ, ఏది ఏదో చెప్పడానికి లేదు. పేగులో మామూలుగా ఉండే ఇ.కోలి, టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా, రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లా అన్నీ ఒకే రకం కడ్డీల్లా ఉంటాయి. రిపోర్టులో 'ఓవా, సిస్ట్: లేవు' అని చూసి ఇన్ఫెక్షన్ లేదని ఊపిరి పీల్చుకునేవాళ్లున్నారు. ఆ మాట పరాన్నజీవుల గురించి. బ్యాక్టీరియా ఊసే అందులో లేదు. చీము కణాలు బాగా కనబడితే మాత్రం పెద్దపేగు గోడను ఏదో సూక్ష్మజీవి గాయపరుస్తోందన్న అనుమానం బలపడుతుంది. అది సూచన మాత్రమే, పేరు కాదు.

దీనికి ఒక మినహాయింపు కలరా. గంజినీళ్లలాంటి విరేచనం చుక్కను వేలాడదీసి మైక్రోస్కోప్‌లో చూస్తే కలరా తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాలు నిప్పురవ్వల్లా అటూ ఇటూ దూసుకుపోతుంటాయి. అదే చుక్కలో కలరా ఓ1 రకానికి సరిపడే యాంటీసీరం, అంటే ఆ రకాన్నే పట్టుకునే యాంటీబాడీలున్న ద్రవం, కలిపితే ఆ పరుగు ఠక్కున ఆగిపోతుంది. కొద్ది నిమిషాల్లో తేలే ఈ పాత పద్ధతి చూడటం అలవాటైన కళ్లకు ఇప్పటికీ పనికొస్తుంది. అంతటితో సరిపెట్టకుండా కల్చర్‌తో నిర్ధారించుకోవడం మాత్రం తప్పదు.

కల్చర్‌లో అసలు పని పెంచడం కన్నా అణచడం. మామూలు పోషక అగార్ మీద, అంటే బ్యాక్టీరియాకు తిండి కలిపిన జెల్లీ లాంటి పొర మీద, మలాన్ని రుద్దితే తెల్లారేసరికి ప్లేటంతా ఇ.కోలి, దాని బంధువర్గమే పరుచుకుంటాయి. కావలసినది వాటి కింద కప్పబడిపోతుంది. అందుకని మాధ్యమంలోనే వడపోత పెడతారు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఆల్‌ఫ్రెడ్ మెకాంకీ తయారుచేసిన అగార్‌లో పైత్యరస లవణాలు ఉంటాయి. పేగులో బతకడం అలవాటు లేని చాలా రకాలు వాటికి తట్టుకోలేవు. అందులోనే లాక్టోజ్ అనే పాలచక్కెర, ఆమ్లం తగిలితే రంగు మారే ఒక రసాయనం కూడా ఉంటాయి. ఇ.కోలి పాలచక్కెరను పులియబెట్టి ఆమ్లం చేస్తుంది కనుక దాని కాలనీలు గులాబీ రంగులో వస్తాయి. సాల్మొనెల్లా, షిగెల్లా ఆ చక్కెరను పట్టించుకోవు. అవి రంగు లేకుండా పాలిపోయి ఉంటాయి. గులాబీ గుంపులో పాలిపోయిన చుక్కను పట్టుకోవడమే టెక్నీషియన్ నేర్పు. ఎక్స్‌ఎల్‌డీ అనే మరో ప్లేటు మీద షిగెల్లా ఎర్రగానూ, సాల్మొనెల్లా చాలావరకు నడుమ నల్లబొట్టుతోనూ కనిపిస్తాయి. ఆ నలుపు హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల వచ్చేది. కలరాకు టీసీబీఎస్ అని వేరే ప్లేటు ఉంది. అందులో క్షారగుణం ఎక్కువ, పంచదార కూడా ఉంటుంది. కలరా విబ్రియో పంచదారను పులియబెట్టి పసుపుపచ్చ కాలనీలు కడుతుంది.

ఇదంతా మొదటి రాత్రి కథ. 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 18 నుంచి 24 గంటలు గడిచాక అనుమానాస్పద కాలనీని తీసి జీవరసాయన పరీక్షలు పెట్టడానికి రెండో రోజు పోతుంది. వీటిలో కొన్ని చూడముచ్చటగా ఉంటాయి. కలరా అనుమానం ఉన్న కాలనీని సోడియం డీఆక్సీకోలేట్ చుక్కలో కలిపి, లూప్ అనే సన్నటి తీగ ఉంగరంతో మెల్లగా పైకి లాగితే సన్నటి దారంలా సాగుతుంది. మిఠాయి పాకం తీగ వచ్చిందా లేదా అని రెండు వేళ్ల మధ్య చూసినట్టే ఉంటుంది. బ్యాక్టీరియా కణాలు పగిలి, లోపలి డీఎన్ఏ బయటికి వచ్చి జిగురుకట్టడం వల్ల ఆ తీగ వస్తుంది. ఆ తర్వాత యాంటీసీరంతో గడ్డకడుతుందా అని చూడటం, ఏ యాంటీబయాటిక్ బిళ్ల చుట్టూ పెరుగుదల ఆగిందో కొలవడం. అన్నీ కలిసి మూడు రోజులు సులువుగా పడతాయి. రిపోర్టు ఆలస్యమైందని ల్యాబ్ మీద కోప్పడేవాళ్లు గమనించాల్సింది ఇదే. బ్యాక్టీరియా పెరిగే వేగాన్ని ఎవరూ తొందరపెట్టలేరు.

షిగెల్లాది ఒక విచిత్రం. జన్యువుల లెక్కన చూస్తే అది ఇ.కోలిలో ఒక శాఖే. 1897లో జపాన్‌లో కియోషి షిగా దాన్ని గుర్తించినప్పుడు వేరే జీవి అనుకున్నారు, పేరు అలాగే నిలిచిపోయింది. బ్యాక్టీరియా ప్రొటీన్ల ముద్రను బట్టి నిమిషాల్లో పేరు చెప్పే మాల్డీటాఫ్ యంత్రాలు ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నాయి. అంత ఖరీదైన యంత్రం కూడా షిగెల్లాను, ఇ.కోలిని మామూలు వాడకంలో నమ్మకంగా విడదీయలేదు. అక్కడ మళ్లీ పాత చక్కెర పరీక్షలు, యాంటీసీరం సీసాలే దిక్కు.

ఇక రిపోర్టు చివర ఉండే వాక్యం. 'సాల్మొనెల్లా, షిగెల్లా పెరగలేదు' అని రాస్తారు. కొన్నిచోట్ల విబ్రియో కూడా చేరుస్తారు. ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా చదవాలి. ఆ రెండో మూడో పేర్ల కోసం వెతికారు, అవి దొరకలేదు. మిగతావాటి కోసం వెతకలేదు. ఉదాహరణకు కాంపైలోబాక్టర్. కోడిమాంసం సరిగా ఉడకకపోతే వచ్చే విరేచనాలకు ప్రపంచమంతటా ఇది పెద్ద కారణం. దీనికి మనం పీల్చే గాలిలోని ఆక్సిజన్ ఎక్కువైపోతుంది, 5 శాతం చాలు. వేడి 42 డిగ్రీలు కావాలి, 48 గంటల సమయం ఇవ్వాలి. మామూలు ఇంక్యుబేటర్‌లో మామూలు ప్లేటు మీద అది ఎన్నటికీ పెరగదు. 1970ల దాకా వైద్యులు దీన్ని మనుషుల విరేచనాలకు ముఖ్య కారణంగా గుర్తించకపోవడానికి కారణం అదే. మన దగ్గర చాలా ల్యాబుల్లో దీన్ని ప్రత్యేకంగా అడిగితే తప్ప చేయరు. అడిగినా ఆ ఏర్పాటు లేని ల్యాబులు ఉన్నాయి. కాళ్లల్లో మొదలై పైకి పాకే గిలాన్‌బారే పక్షవాతం కొందరిలో ఈ ఇన్ఫెక్షన్ వెనకాలే వస్తుంది కాబట్టి ఇది పట్టించుకోనవసరం లేనంత చిన్న లోటు కాదు.

వెతికే ఆనవాలే తప్పయితే ఏమవుతుందో జర్మనీ 2011లో చూసింది. షిగా విషాన్ని తయారుచేసే ఇ.కోలిలో అప్పటిదాకా పేరుమోసిన రకం ఓ157. సార్బిటాల్ అనే చక్కెరను అది వెంటనే పులియబెట్టదు. అందుకని సార్బిటాల్ కలిపిన మెకాంకీ ప్లేటు మీద రంగులేని కాలనీలను పట్టుకోవడం ల్యాబులకు అలవాటైపోయింది. ఆ ఏడాది ఉత్తర జర్మనీలో జనాన్ని పడగొట్టినది ఓ104 రకం. అది సార్బిటాల్‌ను శుభ్రంగా పులియబెడుతుంది. అంటే ఆ ప్లేటు మీద అది అమాయకంగా మామూలు ఇ.కోలి వేషంలోనే ఉంటుంది. మొదట దోసకాయల మీద నింద పడింది, స్పెయిన్ రైతులు నష్టపోయారు. చివరికి తేలింది మొలకెత్తిన మెంతుల దగ్గర. 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. అలాంటి ఇ.కోలి మన దేశంలో అరుదుగానే బయటపడుతోంది. కానీ రక్తవిరేచనాలన్నిటికీ ఒకే మాత్ర వేసే అలవాటున్న చోట ఒక విషయం గుర్తుంచుకోవాలి. షిగెల్లాకు యాంటీబయాటిక్ మేలు చేస్తుంది. షిగా విషపు ఇ.కోలికి కొన్ని యాంటీబయాటిక్‌లు ఇస్తే కిడ్నీలు దెబ్బతినే ముప్పు పెరగవచ్చు. పైకి రెండూ రక్తవిరేచనాలే.

పరీక్ష ఎంత గొప్పదైనా నమూనా దగ్గరే సగం కథ ముగిసిపోతుంది. మన ఊళ్లలో జరిగే క్రమం చూస్తే, మొదట మెడికల్ షాపు, తర్వాత ఆర్ఎంపీ, అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రి, ఆ పైన మలపరీక్ష. ఈలోగా ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రలు నాలుగైదు డోసులు లోపలికి వెళ్లి ఉంటాయి. పేగులో రోగకారక బ్యాక్టీరియా ప్లేటు మీద పెరగలేనంతగా దెబ్బతిని ఉంటుంది, లేదా మొదటి నుంచీ అక్కడ లేనే లేకపోయి ఉంటుంది. కల్చర్ నెగటివ్ వస్తే ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పలేం. నమూనా ఇవ్వడం మొదట, మాత్ర తర్వాత. ఈ ఒక్క వరస మార్పుతో వచ్చే తేడా ఖరీదైన యంత్రాలతో కూడా రాదు.

ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యమే. టాయిలెట్‌లో నీళ్లు, ఫినాయిల్, మూత్రం కలిసిన మలం పనికిరాదు. శుభ్రమైన వెడల్పు మూత డబ్బా కావాలి, అందులోకి చెంచాడు చాలు. జిగట గానీ రక్తపు చార గానీ ఉంటే ఆ భాగాన్నే తీసుకోవాలి. బ్యాక్టీరియా దండిగా ఉండేది అక్కడే. పసిపిల్లల డైపర్ లోపలి పొరలోంచి గీకి తెచ్చేది అంత నమ్మదగింది కాదు, డైపర్‌ను ప్లాస్టిక్ వైపు తిప్పి కట్టడం మేలు. ఆ తర్వాత సమయం. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. బయటికి వచ్చిన మలంలో ఆమ్లగుణం పెరుగుతూ పోతుంది, అన్నిటికంటే ముందు చచ్చిపోయేది షిగెల్లా. పది బ్యాక్టీరియాలు చాలు మనిషిని జబ్బుచేయడానికి అని చెప్పుకునే అంత భయంకరమైన సూక్ష్మజీవి, డబ్బాలో మాత్రం కొద్ది గంటలు తట్టుకోలేదు. పొద్దున డబ్బాలో పట్టి, టిఫిన్ తిని, బస్సెక్కి, మధ్యాహ్నం కౌంటర్లో ఇచ్చిన నమూనాలో అది దొరకకపోతే ఆశ్చర్యమేమీ లేదు. దూరం ఎక్కువైతే క్యారీబ్లెయిర్ అనే రవాణా మాధ్యమంలో దూదిపుల్లను ముంచి పంపుతారు. అందులో పోషకాలు తక్కువ, బ్యాక్టీరియా పెరగదు కానీ చావదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి జిల్లా ల్యాబుకు నమూనా వెళ్లాలంటే ఇదే ఆధారం.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక కాస్త విచిత్రంగా ఉన్నా చెప్పాల్సిన మాట, విరేచనాలు పట్టుకున్న చాలామందికి ఈ పరీక్షే అక్కర్లేదు. నీళ్ల విరేచనాలు రెండు మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. అప్పటిదాకా కావలసింది ఓఆర్ఎస్, పిల్లలకైతే దానితో పాటు జింక్. రిపోర్టు వచ్చేసరికి మనిషి లేచి తిరుగుతుంటాడు. రక్తం పడుతున్నా, జ్వరం తీవ్రంగా ఉన్నా, వారం దాటినా, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నా, ఒకే చోట తిన్నవాళ్లు పదిమంది ఒకేసారి పడిపోయినా అప్పుడు కల్చర్‌కు అర్థం ఉంది. గ్యాస్, అజీర్ణం, ఏళ్ల తరబడి ఉన్న పొట్ట టెన్షన్‌లకు స్టూల్ కల్చర్ చేయించడం డబ్బు దండగ.

టైఫాయిడ్‌ను ఇక్కడ విడిగా చెప్పాలి. ఇది పేగు ద్వారా వచ్చే జబ్బే అయినా మొదటి వారంలో బ్యాక్టీరియా దొరికేది రక్తంలో. మలంలో బాగా కనిపించేది రెండు, మూడు వారాల్లో. జ్వరం వచ్చిన నాలుగో రోజున మలం కల్చర్ నెగటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ కాదనలేం. తెలుగు రాష్ట్రాల్లో వీధివీధినా చేసే విడాల్ పరీక్ష 1896 నాటిది, అది మలంలో కాదు రక్తంలోని యాంటీబాడీలను చూస్తుంది, తప్పు పాజిటివ్‌లు విపరీతం. మలపరీక్షకు నిజంగా పని ఉండేది జబ్బు తగ్గాక కూడా పిత్తాశయంలో బ్యాక్టీరియాను మోసుకు తిరిగేవాళ్ల విషయంలో. న్యూయార్క్‌లో వంటమనిషిగా పనిచేసిన మేరీ మలాన్‌ను 1907లో ఇలాగే పట్టుకున్నారు. ఆమెకు ఏ జబ్బూ లేదు, వండిన ఇళ్లలో టైఫాయిడ్ మాత్రం వచ్చేది. అధికారుల ల్యాబ్‌లో పాజిటివ్ వచ్చిన ఆమె నమూనాలు ఆమె సొంతంగా ప్రైవేటు ల్యాబ్‌కు పంపినప్పుడు నెగటివ్ వచ్చాయి. ఎవరో ఒకరు అబద్ధం చెప్పారనుకోనక్కర్లేదు. ఇలాంటివాళ్లలో బ్యాక్టీరియా ఒకరోజు పడుతుంది, ఒకరోజు పడదు. హోటళ్లలో వంటవాళ్లకు ఏడాదికోసారి చేసే వైద్యపరీక్షలో ఒకే ఒక్క మలం నమూనా నెగటివ్ వస్తే పూర్తి భరోసా ఇవ్వలేనిది అందుకే.

ఇప్పుడు కార్పొరేట్ ఆసుపత్రుల్లో మల్టీప్లెక్స్ పీసీఆర్ వచ్చింది. ఒక్క నమూనాలో 20కి పైగా సూక్ష్మజీవుల జన్యువులను గంటా రెండు గంటల్లో చూసేస్తుంది. వెతికేవారికి ఒకటి కాదు, ఇరవై ఫొటోలు ఇచ్చినట్టు. కాంపైలోబాక్టర్ లాంటి మొండిఘటాలను కూడా తేలిగ్గా పడుతుంది. ముందే యాంటీబయాటిక్ వాడినా కొంతవరకు పనిచేస్తుంది. ఎందుకంటే దానికి బతికున్న బ్యాక్టీరియా అక్కర్లేదు, మిగిలిన డీఎన్ఏ చాలు. చిక్కు కూడా అక్కడే ఉంది. డీఎన్ఏ ఉన్నంత మాత్రాన జబ్బుకు అదే కారణమని కాదు. కోల్‌కతాతో సహా ఆసియా, ఆఫ్రికాల్లో ఏడు చోట్ల ఐదేళ్లలోపు పిల్లలపై జరిగి 2013లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన జెమ్స్ అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపించింది. తీవ్రమైన విరేచనాలున్న 9,439 మంది పిల్లల్లో 83 శాతం మందిలో ఏదో ఒక రోగకారక జీవి దొరికింది. విరేచనాలే లేని 13,129 మంది పిల్లల్లో ఎంతమందిలో దొరికిందీ అంటే, 72 శాతం. నీళ్లు, మరుగుదొడ్లు సరిగా లేని చోట పిల్లల పేగుల్లో ఈ జీవులు రోజూ వచ్చిపోయే చుట్టాలే. అందుకని ఇలా ఒకేసారి ఇన్నిటిని వెతికే పీసీఆర్ ప్యానెల్ రిపోర్టులో మూడు పేర్లు ఒకేసారి పాజిటివ్ వస్తే మూడింటికీ మందు రాయడం వైద్యం కాదు. రోగిని చూసి, లక్షణాలకు ఏది సరిపోతుందో నిర్ణయించాలి. ఆరోగ్యవంతుల పేగుల్లో ఈ జీవులు అరుదుగా ఉండే దేశాల కోసం రూపొందిన ప్యానెల్‌ను అదే అర్థంతో ఇక్కడ చదవడం ఈ వ్యాపారంలో అతిపెద్ద పొరపాటు.

క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ విషయంలో ఇదే తేడా మరీ పదునుగా కనబడుతుంది. ఆసుపత్రిలో రోజుల తరబడి యాంటీబయాటిక్‌లు వాడాక వచ్చే విరేచనాలకు ఇది కారణం. పెంచడం కష్టమని 1935లోనే ఆ పేరు పెట్టారు. దీని పీసీఆర్ విషం తయారుచేయగల జన్యువును చూస్తుంది, టాక్సిన్ పరీక్ష నిజంగా తయారైన విషాన్ని చూస్తుంది. కత్తి ఉండటం వేరు, పొడవడం వేరు. అందుకే చాలా ల్యాబులు రెండంచెలుగా చేస్తాయి. గట్టి మలాన్ని ఈ పరీక్షకు తీసుకోరు, పోసిన డబ్బా ఆకారం వచ్చేటంత పలుచగా ఉంటేనే తీసుకుంటారు. తగ్గాక 'పోయిందా లేదా' అని మళ్లీ చేయించకూడదు. జబ్బు తగ్గినా వారాల తరబడి పాజిటివ్ వస్తూనే ఉంటుంది, ఆ కాగితం చూసి మళ్లీ మందులు మొదలవుతాయి.

పీసీఆర్ ఇంత వేగంగా ఉన్నా కల్చర్ ప్లేటును మూలన పడేయలేకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఏ మందు పనిచేస్తుందో తెలియాలంటే బతికున్న బ్యాక్టీరియా కావాలి. షిగెల్లాలో సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగని రకాలు ఇప్పుడు ఎంతగా పెరిగాయంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రాధాన్య జాబితాలో వాటిని చేర్చింది. అందాజాగా మందు రాసే రోజులు షిగెల్లా విషయంలో పోయాయి. రెండో కారణం ఊరు మొత్తానికి సంబంధించినది. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో గానీ, 2024లో విజయనగరం జిల్లా గుర్లలో గానీ విరేచనాలు ప్రబలినప్పుడు ప్రతి ఒక్కరి మలాన్నీ పరీక్షించనక్కర్లేదు. మందు పడకముందు తీసిన కొద్ది నమూనాలు ప్లేటు మీద పెరిగితే చాలు, అది ఏ రకమో, నీళ్లలో దొరికింది అదేనో కాదో పోల్చి చూడవచ్చు.

పైగా పీసీఆర్‌కు, కిట్లకు ముందే ఇచ్చిన పేర్లే తెలుసు. 1992 చివర్లో మద్రాసులో కలరా లాంటి విరేచనాలు మొదలయ్యాయి. టీసీబీఎస్ మీద పసుపు కాలనీలు వచ్చాయి, తీగ సాగింది, అన్నీ కలరా లక్షణాలే. ఓ1 యాంటీసీరం వేస్తే మాత్రం గడ్డకట్టలేదు. అప్పటిదాకా కలరా మహమ్మారి అంటే ఓ1 ఒక్కటే. ఓ1 కోసమే వెతికే కిట్ అయితే నెగటివ్ అని చెప్పి ఊరుకునేది. బ్యాక్టీరియా ప్లేటు మీద బతికే ఉంది కాబట్టి దానిని తెలిసిన 138 రకాల యాంటీసీరాలతోనూ పోల్చి చూశారు. దేనితోనూ కలవలేదు. దానికి ఓ139 అని పేరు పెట్టేసరికి అది బెంగాల్‌నూ బంగ్లాదేశ్‌నూ చుట్టేసింది, పాత కలరాకు రోగనిరోధక శక్తి ఉన్న పెద్దవాళ్లను కూడా వదల్లేదు.